గెలుపులు తగ్గిన ఘనత తగ్గునా?
బేస్‌బాల్ పిచ్చర్లు – మారిన కొలమానములు

2025వ సంవత్సరము నవంబరు మాసమున అమెరికా బేస్‌బాల్ లోకమున ఒక బహుమాన ప్రకటన జరిగినది. నేషనల్ లీగులో ఆ యేటి ఉత్తమ పిచ్చరునకు ఇచ్చు సై యంగ్ బహుమానము పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టునకు చెందిన పాల్ స్కీన్స్ అను యువకునకు లభించినది. తీర్పు చెప్పిన పత్రికా రచయితలు ముప్పదిమందియు అతనికే ప్రథమస్థాన మిచ్చినారు. ఇందు వింత యేమున్నదని పాఠకులు అడుగవచ్చును. ఆ యేడు స్కీన్స్ పేర వ్రాయబడిన గెలుపులు పది, ఓటములు పది. ఎవని పేరిట ఆ బహుమానము వెలసినదో ఆ సై యంగ్ తన జీవితమున 511 ఆటలు గెలిచినవాడు. గెలుపుల ప్రోగునకు మారుపేరైన మనిషి స్మారకముగా పెట్టిన బహుమానము, గెలిచినన్ని ఆటలు ఓడిన వానికి ఏకగ్రీవముగా దక్కినది. నలువది యేండ్ల క్రిందట ఇట్టి ప్రతిపాదన చేసిన రచయితను తోటివారు పరిహసించి యుందురు.

ఒక ఆటగాని ఘనతను మనము దేనితో కొలుచుచున్నాము అను ప్రశ్న ఇందులో దాగియున్నది. ఆడినవాడు ఆడిన ఆట మారలేదు. కొలిచెడి కుంచము మారినది. కుంచము మారగానే కొందరు పెద్దలు చిన్నవారైరి, మరుగుపడిన కొందరు పెద్దవారైరి. ఇది ఆటకు మాత్రమే సంబంధించిన విషయమని కొట్టివేయుటకు వీలులేదు.

బేస్‌బాల్ మన దేశమున ప్రచారములో లేని ఆట గనుక రెండు మాటలు చెప్పక తప్పదు. క్రికెట్టులో బౌలరు ఎట్టివాడో ఇందు పిచ్చరు అట్టివాడు. అరువది అడుగుల ఆరంగుళముల దూరమునుండి బంతిని నేల తాకనీయక విసరును. ఎదుటివాడు మూడు మంచి బంతులను తప్పినచో ‘స్ట్రైకౌటు’, అనగా అవుట్. పిచ్చరు నాలుగు చెడ్డ బంతులు విసరినచో కొట్టువాడు శ్రమ లేకుండ మొదటి బేసునకు నడచిపోవును. దానిని ‘వాక్’ అందురు. ఒక్కొక్క జట్టునకు తొమ్మిది ఇన్నింగ్సులు. ఇంతవరకు మనకు సులభముగానే అర్థమగును. క్రికెట్టు ఎరిగినవారికి వింతగా తోచునది మరియొకటి గలదు: ఆట ముగిసిన తరువాత గెలిచిన జట్టులోని ఒక పిచ్చరు పేర ‘గెలుపు’ను, ఓడిన జట్టులోని ఒక పిచ్చరు పేర ‘ఓటమి’ని వ్రాయుదురు. తొమ్మిదిమంది ఆడిన ఆట ఫలితమును ఒక్కని ఖాతాలో జమ కట్టుదురన్నమాట. మన బౌలరు ఎన్ని వికెట్లు తీసినాడని అడుగుదుము గాని, ఎన్ని టెస్టులు గెలిచినాడని అడుగము. అమెరికావారు నూరేండ్లకు పైగా తమ పిచ్చరును అడిగిన మొదటి ప్రశ్న అదియే.

ఈ ఆటకు లెక్కలు నేర్పినవాడు క్రికెట్టు విలేఖరి యగుట గమనింపదగినది. హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండులోని ఎక్సెటరులో జన్మించి, బాల్యముననే బ్రూక్లిన్ చేరినాడు. క్రికెట్టు వార్తలు వ్రాయుచు వ్రాయుచు బేస్‌బాల్ పై మనసుపడి, ఆట ముగియగానే ఎవడేమి చేసెనో చిన్న పట్టికలో చూపు పద్ధతిని 1859 ప్రాంతమున ప్రచారమునకు తెచ్చినాడు. నాటినుండి బేస్‌బాల్ చూచెడి ఆట మాత్రమే గాక చదివెడి ఆట కూడ అయినది. మైదానమునకు ఎన్నడును పోజాలని గ్రామవాసియు మరునాటి పత్రికలోని అంకెలు చూచి వీరులను ఎన్నుకొనసాగినాడు. అంకె వెనుక మనిషి కనబడక, అంకెయే మనిషిగా నిలుచుటకు బీజము అక్కడనే పడినది.

ఆ తొలి దినముల అంకెలు నేడు చదువుచున్న పురాణగాథలవలె నుండును. 1884లో ప్రావిడెన్సు జట్టులో చార్లెస్ రాడ్‌బర్న్ అనువాడు ఒక్క ఋతువులో 678 ఇన్నింగ్సులకు పైగా బంతి విసరినాడు. 1904లో న్యూయార్కు జట్టునకు చెందిన జాక్ చెస్‌బ్రో 41 ఆటలు గెలిచినాడు. తాను మొదలుపెట్టిన ఆటలలో నలువది యెనిమిదింటిని ఇతరుల సహాయము లేకుండ తానే ముగించినాడు. (ఇంత చేసినను ఆ యేటి చివరి దినమున అతని చేయి జారి పోయిన ఒక్క బంతి జట్టునకు పతాకమును దూరము చేసినది. లోకము ఆ బంతినే ఎక్కువగా జ్ఞాపక ముంచుకొన్నది.) 2024లో ముప్పది జట్ల పిచ్చర్లందరును కలిసి ఆదినుండి అంతము వరకు తామే విసరి ముగించిన ఆటలు చెస్‌బ్రో ఒక్కని లెక్కకు తక్కువ. దీనిని బట్టి నాటివారు భీములు, నేటివారు సుకుమారులు అని తేల్చివేయుట తొందరపాటు. ఆ కాలమున బంతి మెత్తనిది. ఒకే బంతిని మాసి నల్లబడువరకు వాడెడివారు. ఎంత బలముగా కొట్టినను దూరము పోయెడిది కాదు. బంతిపై ఉమ్మి రాచి విసరుట సైతము 1920 వరకు నిషిద్ధము కాదు. హోమ్‌రన్ భయము లేనందున పిచ్చరు తన బలమునంతయు ప్రతి బంతిలోను ఖర్చుపెట్టవలసిన అవసరము లేకపోయినది. సై యంగ్ 1890లో ఆట ఆరంభించునప్పటికి పిచ్చరు నిలుచు దూరము కూడ నేటికంటె తక్కువ; 1893లో గాని నేటి దూరము ఏర్పడలేదు. ఇన్ని మారిన తరువాత 511ను నేటి పిచ్చరు ముందుంచి, దీనిని అందుకొనుమనుట న్యాయమగునా?

గెలుపు అనునది కూడ శిలాక్షరము కాదు. రాడ్‌బర్న్ 1884లో ఎన్ని ఆటలు గెలిచినాడని అడిగినచో కొన్ని గ్రంథములు 60 అనును, కొన్ని 59 అనును. ఒకానొక ఆటలో వేరొక పిచ్చరు మొదటి ఐదు ఇన్నింగ్సులు విసరి, జట్టు ముందంజలో నుండగా తప్పుకొన్నాడు. మిగిలినది రాడ్‌బర్న్ ముగించినాడు. నాటి లెక్కగాడు గెలుపు రాడ్‌బర్న్‌కు వ్రాసినాడు. ఆట మొదలుపెట్టినవాడు ఐదు ఇన్నింగ్సులు పూర్తిచేసినచో గెలుపు అతనికే చెందవచ్చునను నియమము 1950లో గాని స్థిరపడలేదు. ఆ నియమము ప్రకారము చూచిన ఆ గెలుపు రాడ్‌బర్న్‌ది కాదు. మనిషి మరణించిన ఎన్నో యేండ్లకు అతని ఖాతాలో ఒక గెలుపు ఉన్నదా లేదా అని పండితులు తర్కించుచున్నారు!

నియమము ఎంత చక్కగా దిద్దినను గెలుపు లెక్కలోని మౌలికమైన దోషము పోదు. పిచ్చరు ఎదుటివారికి పరుగులీయకుండ ఆపగలడే గాని, తన జట్టువారిచేత పరుగులు చేయింపలేడు. 1987లో హ్యూస్టన్ జట్టు పిచ్చరు నోలన్ రయన్ పరుగులు తక్కువ ఇచ్చుటలోను, స్ట్రైకౌట్లు చేయుటలోను నేషనల్ లీగు మొత్తమునకు ప్రథముడు. అతని పేర వ్రాసిన ఫలితము ఎనిమిది గెలుపులు, పదునారు ఓటములు! అతడు బంతి విసరు దినమున తోటివారి బ్యాట్లు నిద్రించినవి. జీవితము మొత్తమున 5,714 స్ట్రైకౌట్లు చేసి నేటికిని ఎవరికి నందని ఎత్తున నిలిచిన ఆ రయన్‌కు సై యంగ్ బహుమానము ఒక్కసారియు రాలేదు. దీనికి విరుద్ధముగా 1972లో స్టీవ్ కార్ల్‌టన్ కథ గలదు. ఆ యేడు ఫిలడెల్ఫియా జట్టు మొత్తము 59 ఆటలు మాత్రమే గెలిచినది. అందు 27 కార్ల్‌టన్ పేరివి. దుర్బలమైన జట్టులోనుండి ఇట్లు గెలుచుకొని వచ్చుట అపురూపము గనుకనే దానిని నేటికిని చెప్పుకొనుచున్నారు. అపురూపమును ఆధారము చేసికొని అందరిని తూచరాదు గదా.

ఉపాధ్యాయులైన పాఠకులకు ఈ బాధ క్రొత్తది కాదు. పదవతరగతి ఫలితములు వెలువడగానే ఉత్తీర్ణుల శాతమును బట్టి ఉపాధ్యాయుని తూచు పద్ధతి మన యెరుకలోనిదే. అక్షరములు కూడబలుకుకొనుచు తన తరగతికి వచ్చిన బాలుని ముప్పదియైదు మార్కుల వరకు లాగుకొని వచ్చిన వానికంటె, ఇంట ట్యూషను మాస్టర్లున్న పిల్లలకు పాఠము చెప్పినవాడు ఆ పట్టికలో పైన నుండును. శాతము అబద్ధము కాదు; అది చెప్పుచున్న సంగతి మనము అడిగిన సంగతి కాదు, అంతే.

గెలుపులోని ఈ లోపమును అమెరికావారు మొదటనే గుర్తించక పోలేదు. పిచ్చరు తప్పువలన తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున ఎన్ని పరుగులు వచ్చినవో చూపు ‘ఆర్జిత పరుగుల సగటు’ను నేషనల్ లీగు 1912లో అధికార లెక్కగా స్వీకరించినది. ఫీల్డరు చేజార్చిన బంతివలన వచ్చిన పరుగును ఇందులోనుండి తీసివేయుదురు. ఈ సగటు ఎంత తక్కువైన అంత మేలు. గెలుపుకంటె ఇది న్యాయమైనదే. అయినను ఏ మైదానమున, ఏ కాలమున అను రెండు ప్రశ్నలు మిగిలిపోయినవి. సముద్రమట్టమునకు ఒక మైలు ఎత్తుననున్న డెన్వరు నగరమున గాలి పలుచన. అక్కడ సాధారణమైన దెబ్బ కూడ గోడ దాటును. అక్కడి పిచ్చరు సగటును సముద్రతీర నగరపు పిచ్చరు సగటుతో పోల్చుట ఎట్లు?

కాలభేదము ఇంకను చిత్రమైనది. 1968లో సెయింట్ లూయీ పిచ్చరు బాబ్ గిబ్సన్ సగటు 1.12. ఆ అంకెను నాటినుండి మంత్రమువలె జపించుచున్నారు. కాని ఆ యేడు పిచ్చర్లందరిదియు పైచేయి. నేషనల్ లీగు మొత్తపు సగటే దాదాపు 3. అమెరికన్ లీగులో ఆ యేటి ఉత్తమ బ్యాటరు సగటు .301 మాత్రమే. ఇట్లయిన ఆట చూచువారుండరని భయపడి, పిచ్చరు నిలుచు దిబ్బ ఎత్తును 15 అంగుళములనుండి పదింటికి తగ్గించినారు. తరువాత 2000వ సంవత్సరమున బోస్టన్ పిచ్చరు పెడ్రో మార్టినెజ్ సగటు 1.74. అంకెను మాత్రమే చూచిన గిబ్సన్ ముందు ఇది వెలవెలబోవును. అయితే అది పరుగులు వరదలై పారిన కాలము; అమెరికన్ లీగు సగటు దాదాపు 4.9. పెడ్రో తరువాతి స్థానమున నిలిచినవాని సగటే 3.70. మైదానమును, కాలమును లెక్కలోనికి తీసికొని, సామాన్య పిచ్చరును 100గా నుంచి గుణించువారు గిబ్సన్‌కు 258 ఇచ్చుచున్నారు, పెడ్రోకు 291 ఇచ్చుచున్నారు. 1.74 పెద్దదై 1.12 చిన్నదగుట గణితమున నేరమే, న్యాయమున కాదు. ఎండిన చెరువు దాటినవానిని, వరదలోని గోదావరి ఈదినవానిని కాలి తడినిబట్టి పోల్చరాదు.

ఇట్టి సవరణలకు ప్రోద్బలము విశ్వవిద్యాలయముల నుండి గాని, ఆటను నడుపు సంస్థల నుండి గాని రాలేదు. కాన్సాస్ రాష్ట్రములోని లారెన్సు పట్టణమున ఒక డబ్బాల ఆహారపు కర్మాగారమున రాత్రి కాపలా ఉద్యోగము చేయుచుండిన బిల్ జేమ్స్, 1977లో తన లెక్కలను చిన్న పుస్తకముగా స్వయముగా ప్రకటించి అమ్ముకొన్నాడు. 1971లో ఏర్పడిన బేస్‌బాల్ పరిశోధన సంఘము పేరునుండి ఆయనయే ఈ విద్యకు ‘సేబర్‌మెట్రిక్సు’ అను నామకరణము చేసినాడు. రాత్రి కాపలావాడు పగటి పండితులను ప్రశ్నించిన ఈ ఘట్టము నాకు మిక్కిలి ఇష్టమైనది.

2001లో వోరస్ మెక్రాకెన్ అను మరియొక ఔత్సాహికుడు ఇంకను సాహసమైన మాట అన్నాడు. బ్యాటు తాకి మైదానములో పడిన బంతి ఫీల్డరు చేతికి చిక్కునా, సందు చూచుకొని పోవునా అనునది పిచ్చరు చేతిలో ఇంచుమించుగా లేదని ఆయన సిద్ధాంతము. ఒక యేడు ఈ విషయమున మొదటి వరుసనున్న పిచ్చరు మరుసటి యేడు చివరి వరుసలో నుండుట ఆయన అంకెలతో చూపినాడు. పాత తరము వారికి ఇది నాస్తికవాదమువలె వినబడినది. పిచ్చరు నిజముగా శాసింపగలిగినవి స్ట్రైకౌట్లు, వాక్‌లు, హోమ్‌రన్లు అను మూడే యని తేల్చి, వీనితో క్రొత్త సగటును కట్టినారు: హోమ్‌రన్లను పదుమూటితోను, వాక్‌లను మూటితోను హెచ్చవేసి కూడి, స్ట్రైకౌట్లను రెంటితో హెచ్చవేసి తీసివేసి, ఇన్నింగ్సులతో భాగించుట. దానికి పాత సగటు స్థాయికి వచ్చునట్లు ఒక స్థిరాంకమును కలుపుదురు. ఫీల్డర్ల పుణ్యపాపములు పిచ్చరునకు అంటకుండ కడిగివేయు లెక్క ఇది.

వీటన్నిటిని ఒక్క అంకెలోనికి కుదించినది ‘వార్’ అనబడు కొలత. క్రింది లీగులో సులభముగా దొరకెడి సామాన్యుని ఇతని స్థానమున నిలిపియుండిన, జట్టు ఎన్ని గెలుపులు కోల్పోయెడిదో అది చెప్పును. ఊహ చక్కనిదే. కాని ఈ అంకెను కట్టువారు ఒకరు కారు. ఒక సంస్థ పిచ్చరు ఇచ్చిన పరుగులతో మొదలుపెట్టి ఫీల్డర్ల భాగమును తీసివేయును. మరియొక సంస్థ పైన చెప్పిన మూడింటితోనే మొదలుపెట్టును. కనుక ఒకే మనిషికి రెండు ఘనతలు! 305 ఆటలు గెలిచిన టామ్ గ్లావిన్ స్ట్రైకౌట్లను నమ్ముకొన్నవాడు కాడు; బ్యాటు అంచున తగులునట్లు విసరి, కొట్టినవాడే తన్ను తాను అవుట్ చేసికొనునట్లు చేసెడివాడు. మొదటి లెక్కలో అతడు ఎత్తుగను, రెండవ లెక్కలో కొంత దిగువగను కనబడుచున్నాడు. బ్యాటు మీద బంతి పేలవముగా పడునట్లు చేయుట కొందరికి గల విద్యయేనని తరువాతి పరిశోధకులు ఒప్పుకొన్నారు కూడ. ‘వార్’ అంకెను దశాంశముతో సహా వ్రాసి, ఇది పరమసత్యమని బల్ల గ్రుద్దువారిని చూచినపుడు నాకు పాత గెలుపుల భక్తులే వేషము మార్చి వచ్చినట్లు తోచును.

ఏమైనను తీర్పు చెప్పెడివారి బుద్ధి మారినమాట నిజము. 1990లో అమెరికన్ లీగు బహుమానము 27 గెలుపులు, 2.95 సగటు గల బాబ్ వెల్చ్‌కు ఇచ్చినారు. అదే యేట రోజర్ క్లెమెన్స్ సగటు 1.93, గెలుపులు 21. ఆరు గెలుపుల ముందు పూర్తి పరుగు తేడా కంటికి ఆనలేదు. ఇరువది యేండ్లకు, 2010లో, సియాటిల్ పిచ్చరు ఫీలిక్స్ హెర్నాండెజ్ 13 గెలిచి 12 ఓడినాడు. సగటు 2.27. అతని జట్టు ఋతువంతయు ఆడి చేసిన పరుగులు 513 మాత్రమే. 21 గెలుపుల సి.సి. సబాతియాను ప్రక్కకు నెట్టి బహుమానము హెర్నాండెజ్‌కు ఇచ్చినారు. 2018లో న్యూయార్కు మెట్స్ పిచ్చరు జేకబ్ డిగ్రామ్ 10 గెలిచి 9 ఓడినాడు, 1.70 సగటును చూచి అతనినే వరించినారు. 2025లో స్కీన్స్ విషయమున వాదమే లేకపోయినది.

బహుమానము ఒక యేటి ముచ్చట. కూపర్స్‌టౌన్‌లోని కీర్తిమందిరము శాశ్వతము. ఆట విరమించిన ఐదేండ్ల తరువాత పత్రికా రచయితల వోట్లలో నూటికి 75 వచ్చినవారికి అక్కడ కంచు ఫలకము దక్కును. మారిన కొలమానముల ప్రభావము నిజముగా చూడవలసినది అక్కడ. బెర్ట్ బ్లైలెవన్ 1992లో చివరి బంతి విసరినాడు. 287 గెలుపులు, ద్వారపాలకులు కోరు 300కు పదుమూడు తక్కువ. 1998లో అతని పేరు మొదటిసారి వోటునకు వచ్చినపుడు నూటికి 17.5 మాత్రమే పడినవి. మరుసటి యేడు అవియు తగ్గినవి. అతని జట్లు చాలవరకు బలహీనములనియు, 3,701 స్ట్రైకౌట్లు, ప్రత్యర్థులకు ఒక్క పరుగైన నీయక తానే ముగించిన 60 ఆటలు సామాన్యములు కావనియు క్రొత్త లెక్కలవారు యేటేట వాదించినారు. 2011లో, పదునాలుగవ ప్రయత్నమున, 79.7 వచ్చినవి. ఈ పదునాలుగేండ్లలో ఆ మనిషి ఒక్క బంతియైన విసరలేదు. ఇంట కూర్చుండియే సామాన్యుడు ఘనుడైనాడు!

జాక్ మోరిస్ దశ వేరు. 1980 దశాబ్దమున అందరికంటె ఎక్కువ ఆటలు గెలిచినవాడు. 1991 వరల్డ్ సిరీస్ ఏడవ ఆటలో పది ఇన్నింగ్సులు ఒంటరిగా విసరి 1–0తో జట్టును గెలిపించినవాడు. మొత్తము 254 గెలుపులు. సగటు 3.90 అనునదే అడ్డు. జట్టు ముందంజలో నున్నపుడు ఉదారముగా పరుగులిచ్చి, అవసరమైనపుడు బిగించెడివాడని అభిమానులు సమర్థించినారు. ఆట తరువాత ఆటగా చిట్టాలు తిరుగవేసిన వారికి దానికి ఆధారము కనబడలేదు. రచయితలు పదునైదేండ్లు వోటు వేసియు అతనిని గడప దాటనీయలేదు. చివరకు 2017 డిసెంబరున వేరొక సంఘము ఎన్నుకొన్నది. 2018లో ఫలకము వెలసినది. మోరిస్‌కు అన్యాయము జరిగినదని నే ననను. కాని ఆ ఏడవ ఆట రాత్రి చూచినవాడు గుండెలో దాచుకొన్న దానిని ఏ అంకెలో వ్రాయవలెనో క్రొత్త లెక్కలవారు ఇంకను చెప్పలేదు.

అంకెలు ఎంత పెరిగినను చాలని సందర్భమును ఒకటి చెప్పి ముందునకు పోదును. 354 గెలుపులు, ఏడు సై యంగ్ బహుమానములు గల క్లెమెన్స్‌కు నిషిద్ధౌషధముల ఆరోపణల నీడలో పదియేండ్లు వోట్లు చాలలేదు. ఆయన ఆరోపణలను నిరాకరించినాడు. 2012లో న్యాయస్థానము అసత్య ప్రమాణపు నేరమునుండి విడుదల చేసినది. 2022లో చివరి అవకాశము కూడ పోయినది. అక్కడ అడ్డుపడినది ఏ సగటును కాదు.

ఇక అసలు చిక్కు. కొలత మారినపుడు కొలువబడువాడు కూడ మారును. స్ట్రైకౌటుకే విలువ యని తెలిసినపుడు బాలుడు మొదటినుండియు బలమంతయు పెట్టి విసరుటయే నేర్చును. ఒకే బ్యాటరు ఒకే పిచ్చరును మూడవసారి ఎదుర్కొనునపుడు బాగుగా కొట్టునని లెక్కలు చెప్పుచున్నవి గనుక, మేనేజరు పిచ్చరును ఐదు, ఆరు ఇన్నింగ్సులకే విరమింపజేయును. 2022 ఏప్రిలులో లాస్ ఏంజిలెస్ పిచ్చరు క్లేటన్ కెర్షా మిన్నెసోటాపై ఏడు ఇన్నింగ్సులలో ఒక్కనిని కూడ బేసు చేరనీయలేదు. విసరిన బంతులు 80 మాత్రమే. ఇంకొక ఆరుగురిని అవుట్ చేసిన చరిత్రలో అరుదైన పరిపూర్ణమైన ఆట అయ్యెడిది. అయినను అతనిని ఆపివేసినారు. చేతికి విశ్రాంతి అవసరమని కెర్షాయే సమ్మతించినాడు. లెక్క ప్రకారము అది వివేకము. ఆనాడు టిక్కెట్టు కొని కూర్చున్నవాని దృష్టిలో?

2008లో వేగపు బంతి సగటు గంటకు 91.3 మైళ్ళు, 2024లో 94.2. ఆటను నడుపు సంస్థయే 2024 డిసెంబరులో ప్రకటించిన నివేదికలో పిచ్చర్ల గాయములు పెరుగుటకు ఈ వేగతృష్ణను, ప్రతి బంతికి సర్వశక్తి వినియోగించుటను ముఖ్య కారణములుగా చెప్పినది. మోచేతి స్నాయువు తెగినవానికి వేరొక చోటి స్నాయువు తెచ్చి అతుకు శస్త్రచికిత్సను 1974లో డాక్టరు ఫ్రాంక్ జోబ్ మొదట టామీ జాన్ అను పిచ్చరునకు చేసినాడు. జాన్ తన 288 గెలుపులలో 164 ఆ చికిత్స తరువాతనే గెలిచినాడు. నాడు అద్భుతమనిపించిన ఆ చికిత్స నేడు పాఠశాల బాలురకు కూడ జరుగుచున్నది. కొలమానము మనిషి కండరమును చేరుట యన ఇదియే.

అందువలన 300 గెలుపుల మెట్టు ఇక పాడుపడిన కోట బురుజువంటిది. దానిని చివర ఎక్కినవాడు రాండీ జాన్సన్, 2009లో. 2024లోను 2025లోను ఇరువది ఆటలు గెలిచిన పిచ్చరే లేడు. 2025లో విరమించిన కెర్షా గెలుపులు 223, సగటు 2.53, స్ట్రైకౌట్లు 3,052. ఇతడు ఘనుడు కాడనువాడు నేడెవ్వడును లేడు. 251 గెలుపుల సబాతియాను 2025లో మొదటి వోటుననే కీర్తిమందిరమున చేర్చినారు. కాని 169 గెలుపుల హెర్నాండెజ్‌కు అదే వోటున వచ్చినవి నూటికి 20.6. రెండుసార్లు ఉత్తమ పిచ్చరైన డిగ్రామ్ గాయములవలన 2025 ముగియునప్పటికి నూరు గెలుపులైనను పూర్తిచేయలేదు. ఇతనిని ఏమనవలెను? కొందరు శాండీ కౌఫాక్స్‌ను చూపుదురు: 165 గెలుపులే, కీళ్ళనొప్పితో ముప్పదవ యేట 1966లో విరమించి, 1972లో కీర్తిమందిరము చేరినవారిలో అతి పిన్నవాడైనాడు. కాని కౌఫాక్స్ చివరి రెండేండ్లును యేటికి 27 ఆటలను ఒంటరిగా ముగించినాడు. నొప్పిని భరించి విసరిన ఆ ఇన్నింగ్సుల మోత బరువును కూడ ఘనతలో కలుపవలెననుట నా అభిప్రాయము. గెలుపును త్రోసివేయుట మంచిదే. దానితోపాటు ఓర్పును కూడ త్రోసివేయుట మంచిది కాదు. తొమ్మిదవ ఇన్నింగ్సున అలసిన చేతితో నిలిచినవానికి సగటులో ఒక దశాంశము చెడవచ్చును. ఆ దశాంశము నష్టము కాదు, అతడు చెల్లించిన వెల.

ఇంతవరకు చెప్పినదంతయు లెక్కింపబడినవారి విషయము. లెక్కకే రానివారి సంగతి యున్నది. 1947లో జాకీ రాబిన్సన్ ప్రవేశించువరకు నల్లజాతివారికి పెద్ద లీగులలో స్థానము లేదు. వారు తమ లీగులు తామే నడుపుకొన్నారు. సాచెల్ పేజ్ అను మహా పిచ్చరు ఆ లీగులలో యౌవనమంతయు గడపి, 1948లో 42వ యేట గాని పెద్ద లీగు మైదానమున కాలు మోపలేదు. అక్కడ అతనికి దక్కినవి 28 గెలుపులు. ఎన్నో దశాబ్దములు అధికార గ్రంథమున పేజ్ పేరెదుట ఆ అంకెయే యున్నది. 2020 డిసెంబరున, 1920 నుండి 1948 వరకు నడచిన ఏడు నల్లజాతి లీగులను పెద్ద లీగులుగా గుర్తించినారు. 2024 మే మాసమున వాని లెక్కలను అధికార గ్రంథమున చేర్చినారు. పేజ్ గెలుపులు 125 అయినవి. గెలుపు అను లెక్క నిరర్థకమని పండితులు తీర్మానించిన తరువాత అతనికి గెలుపులు చేతికి వచ్చినవి!

ఆ 125 కూడ పూర్తి లెక్క కాదు. ఆ లీగుల ఆటలు అనేకములు పెద్ద పత్రికలకు ఎక్కలేదు; ఊరూర తిరిగి ఆడిన ప్రదర్శనపు ఆటలు ఈ లెక్కలో చేరవు. నల్లజాతివారు నడుపుకొన్న వారపత్రికల పాత ప్రతులను తిరుగవేసి, చిరిగిన పుటలలోనుండి ఒక్కొక్క ఆట పట్టికను పరిశోధకులు ఇంకను వెలికి తీయుచున్నారు. చాడ్విక్ నేర్పిన ఆ చిన్న పట్టిక ఏ పాత కాగితపు కట్టలోనో మరియొకటి దొరకినచో, 1982లో మరణించిన పేజ్ ఖాతాలో ఇంకొక గెలుపు చేరును, లేదా ఇంకొక ఓటమి.